కనురెప్పకు వచ్చే క్యాన్సరు – ఆపరేషను, రెప్పను తిరిగి కట్టడం

ఈ సంచికలో కనురెప్ప మీద వచ్చే చర్మ క్యాన్సరు గురించి తెలుసుకుందాం. "రెప్ప మీద చిన్న గడ్డే కదా, నొప్పి కూడా లేదు" అని నెలల తరబడి ఊరుకున్నవారిని కంటి ఓపీలో మేము తరచుగా చూస్తుంటాం. ఆపరేషను మాట ఎత్తగానే "కన్ను తీసేస్తారేమో" అని భయపడి తిరిగి రానివారు కూడా ఉంటారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చేసే ఆపరేషను కన్నును నిలబెట్టడానికే చేస్తాం. భయపడి ఆలస్యం చేసినప్పుడే కన్ను పోయే పరిస్థితి వస్తుంది. ఈ పాఠంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

కనురెప్ప ఎలా ఉంటుంది?

కనురెప్ప ఉత్త తోలు ముక్క కాదు. అందులో రెండు ముఖ్యమైన పొరలు ఉన్నాయి. పైపొరలో పల్చని చర్మం, దాని కింద రెప్ప మూసే కండరం ఉంటాయి. లోపలి పొరలో గట్టి పలక లాంటి భాగం, దాని వెనుక కంటిని ఆనుకుని ఉండే మెత్తని తడి పొర ఉంటాయి. ఆ గట్టి పలక పై రెప్పలో సుమారు 10 మిల్లీమీటర్ల ఎత్తు, కింది రెప్పలో సుమారు 4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. రెప్పకు ఆకారాన్నిచ్చేది అదే. ఆ పలకలోనే నూనె గ్రంథులు వరుసగా ఉంటాయి. అవి ఇచ్చే నూనె వల్లనే కన్నీరు త్వరగా ఆరిపోకుండా ఉంటుంది.

మనం రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డు తడుస్తుంది, దుమ్ము తుడుచుకుపోతుంది. రెప్ప సరిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి, పుండు పడి, మచ్చ ఏర్పడి చూపు తగ్గుతుంది. అందువల్ల రెప్పలో క్యాన్సరును తీసివేయడం ఎంత ముఖ్యమో, తీసిన చోట పనిచేసే రెప్పను తిరిగి కట్టడం కూడా అంతే ముఖ్యం.

ఏ రకాల క్యాన్సర్లు వస్తాయి?

ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి.

1. బేసల్ సెల్ క్యాన్సరు: ఎక్కువగా కింది రెప్ప మీద, ఆ తర్వాత ముక్కు వైపు కంటి మూలలో వస్తుంది. ముత్యంలా మెరిసే అంచులు, మధ్యలో గుంట ఉంటాయి. మనవారిలో ఇది తరచు నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుంటారు. నెమ్మదిగా పెరుగుతుంది. శరీరంలో ఇతర చోట్లకు పాకడం చాలా అరుదు. కాని వదిలేస్తే చుట్టూ ఉన్న కండను తినుకుంటూ కంటి గుంటలోకి పోతుంది.

2. స్క్వేమస్ సెల్ క్యాన్సరు: గరుకుగా, పొలుసులు కట్టి, లేదా మానని పుండులా కనిపిస్తుంది. మొదటి దానికంటే త్వరగా పెరుగుతుంది. చెవి ముందు, దవడ కింద ఉన్న లింఫు గ్రంథులకు పాకవచ్చు.

3. నూనె గ్రంథి క్యాన్సరు: దీన్ని డాక్టర్లు సెబేషియస్ గ్రంథి కార్సినోమా అంటారు. పై రెప్పలో నూనె గ్రంథులు ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువగా వస్తుంది. ఈ మూడింటిలో చాలా మోసకారి ఇదే. ముందు మామూలు కంటి కురుపులా, లేదా ఎన్ని చుక్కలు వేసినా తగ్గని కళ్ళకలకలా కనిపిస్తుంది.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో రెప్ప క్యాన్సర్లలో 90 శాతం దాకా బేసల్ సెల్ రకమే అని రాసి ఉంటుంది. మన దగ్గర లెక్క వేరు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 536 మంది భారతీయ రోగుల వివరాలను 2019లో ప్రచురించారు. వారిలో సగానికి పైగా నూనె గ్రంథి క్యాన్సరు ఉన్నవారే. బేసల్ సెల్ రకం నాలుగో వంతు మాత్రమే ఉంది. అందువల్ల మన ప్రాంతంలో పెద్ద వయసువారికి రెప్ప మీద గడ్డ వస్తే ఈ మోసకారి రకాన్ని తప్పకుండా గుర్తు చేసుకోవాలి.

ఏ గుర్తులు చూడాలి?

మామూలు కంటి కురుపు ఎర్రగా వాచి, సలిపి, కొద్ది రోజుల్లో పగిలిపోతుంది లేదా అణిగిపోతుంది. కలేజియన్ అనే గడ్డకు నొప్పి ఉండదు. వేడి కాపడంతో కొన్ని వారాల్లో తగ్గవచ్చు, లేకపోతే చిన్న కోతతో పోతుంది. ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా కంటి డాక్టరుకు చూపించండి.

• నెల దాటినా తగ్గని, లేదా పెరుగుతున్న గడ్డ.
• తీసేసిన తర్వాత మళ్ళీ అదే చోట వచ్చిన గడ్డ.
• గడ్డ ఉన్నచోట రెప్ప వెంట్రుకలు రాలిపోవడం.
• మాని, మళ్ళీ పుండై, రక్తం కారడం.
• ఒక్క కంటికే నెలల తరబడి ఎరుపు, పుసి ఉండి మందులకు తగ్గకపోవడం.
• పుట్టుమచ్చ పెరగడం, రంగు మారడం.
• చెవి ముందు గాని, దవడ కింద గాని బిళ్ళ కట్టడం.

నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకోకండి. క్యాన్సరు గడ్డ మొదట్లో నొప్పి పుట్టదు. నొప్పి లేనందువల్లనే చాలామంది ఆలస్యం చేస్తారు. ఆకు పసరు పిండడం, సున్నం పూయడం, గడ్డను దారంతో కట్టడం వంటి పనులు చేయకండి. వాటివల్ల గడ్డ పోదు. నల్లగుడ్డు కాలిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది.

ఆరోగ్య కార్యకర్తలకు ఒక మాట. ఊళ్ళో ఇలాంటి గడ్డ చూసినప్పుడు టార్చి వెలుతురులో రెండు కళ్ళ రెప్పలను పోల్చి చూడండి. వెంట్రుకలు ఉన్నాయో రాలాయో గమనించండి. రెప్పను మెల్లగా తిప్పి లోపలి వైపు కూడా చూడండి. చెవి ముందు, దవడ కింద వేళ్ళతో తడమండి. రోగి ఒప్పుకుంటే ఫోనుతో ఒక ఫోటో తీసి తేదీ రాసుకోండి. తర్వాత గడ్డ పెరిగిందా లేదా అన్నది ఆ ఫోటోయే చెబుతుంది.

ముక్క తీసి పరీక్ష

చూడగానే అనుమానం రావచ్చు గాని, ఖాయంగా చెప్పేది బయాప్సీ ఒక్కటే. మత్తు ఇంజెక్షను ఇచ్చి గడ్డలో చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపుతాం. "ముక్క తీస్తే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందట కదా?" అని చాలామంది అడుగుతారు. ఈ భయం పెట్టుకోవద్దు. ముక్క తీసినందువల్ల రెప్ప క్యాన్సరు ఒళ్ళంతా పాకదు. పరీక్ష లేకుండా కోస్తేనే ఎంత మేరకు కోయాలో తెలియక క్యాన్సరు మిగిలిపోతుంది. అలాగే కలేజియన్ అని తీసిన గడ్డ రెండోసారి వచ్చినప్పుడు, తీసిన పదార్థాన్ని పారవేయకుండా పరీక్షకు పంపించాలి.

నూనె గ్రంథి క్యాన్సరు ఒక చోట మొదలై లోపలి తడి పొర మీదుగా కంటికి తెలియకుండా పాకవచ్చు. అందుకే కంటి తెల్లగుడ్డు మీద, రెండు రెప్పల లోపల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి ఎక్కడి దాకా వ్యాపించిందో ముందే పటం గీసుకుంటారు. గడ్డ ఎముకకు అంటినట్టున్నా, కన్ను కదలడం తగ్గినా సి.టి. లేక ఎమ్.ఆర్.ఐ. స్కానింగు అవసరమవుతుంది.

మొదటి మెట్టు – క్యాన్సరును పూర్తిగా తీయడం

కంటికి కనిపించే గడ్డను మాత్రమే తీస్తే చాలదు. దాని వేళ్ళు చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి పోయి ఉండవచ్చు. అందుకని గడ్డ చుట్టూ కొంత మంచి కండను కూడా కలిపి తీస్తారు. బేసల్ సెల్ రకానికి సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, మిగిలిన రెండు రకాలకు సుమారు 5 మిల్లీమీటర్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ తీస్తారు. మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. కాని రెప్ప పొడవంతా కలిపి సుమారు 30 మిల్లీమీటర్లే. 10 మిల్లీమీటర్ల గడ్డను ఇరువైపులా 5 మిల్లీమీటర్ల చొప్పున కలిపి తీస్తే రెప్పలో మూడింట రెండు వంతులు పోతుంది. అదే గడ్డ 3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు వచ్చి ఉంటే సగం కంటే తక్కువతో పోయేది. ముందుగా రావడం వల్ల ఎంత లాభమో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

తీసిన ముక్క అంచుల్లో క్యాన్సరు మిగిలిందా లేదా అని ఆపరేషను బల్ల మీద ఉండగానే చూసే పద్ధతి ఉంది. ముక్కను గడ్డకట్టించి, పల్చగా కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. దీనిని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. ఇంకా నిశితమైనది మోస్ పద్ధతి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ అనే సర్జను 1930ల్లో దీనిని మొదలుపెట్టారు. పొర పొరగా తీస్తూ, ప్రతి పొర అంచునూ మొత్తంగా చూసి, క్యాన్సరు మిగిలిన వైపే మళ్ళీ తీస్తారు. మొదట్లో ఆయన కండకు ఒక లేపనం పూసి గట్టిపరచి కోసేవారు. 1953లో కనురెప్ప క్యాన్సరు ఆపరేషనును సినిమాగా తీస్తున్నప్పుడు, ఆలస్యం కాకుండా ఉండాలని లేపనం లేకుండా తాజా కండనే పరీక్షించారు. ఇప్పుడు లోకమంతా వాడుతున్న పద్ధతికి అది నాంది అయింది. మన దేశంలో ఈ సౌకర్యం కొద్ది చోట్ల మాత్రమే ఉంది. ఎక్కువచోట్ల ఫ్రోజెన్ సెక్షన్ వాడతారు.

నూనె గ్రంథి క్యాన్సరులో వెంటనే చేసే పరీక్షకు కొన్నిసార్లు అంచులు సరిగా అందవు. అలాంటప్పుడు కంటికి రక్షణగా కట్టు కట్టి, పూర్తి రిపోర్టు వచ్చాక కొద్ది రోజులకు రెప్ప కట్టే ఆపరేషను చేస్తారు. "కోసి అలా వదిలేశారేమిటి?" అని కంగారు పడవద్దు. లోపల క్యాన్సరు ఉండగా పైన ఎంత అందంగా కుట్టినా ఫలితం లేదు.

రెండవ మెట్టు – రెప్పను తిరిగి కట్టడం

ఇక్కడ ఒక సూత్రం ఉంది. పోయిన రెండు పొరలనూ తిరిగి అమర్చాలి. ఆ రెండింటిలో కనీసం ఒక్కదానికైనా సొంత రక్త ప్రసారం ఉండాలి. నారు పీకి తడి మడిలో నాటితేనే బతుకుతుంది, ఎండిన గట్టు మీద పెడితే వాడిపోతుంది. వేరేచోట నుంచి పూర్తిగా కోసి తెచ్చిన చర్మం కూడా అలాగే. కింద రక్తం ఉన్న కండ ఉంటేనే అది అతుకుతుంది. అందుకే ఒక పొరకు తెచ్చిన ముక్కను వేస్తే, రెండో పొరను పక్క నుంచి వేరు తెగకుండా జరిపి తెస్తారు.

ఎంత భాగం పోయిందన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

నాలుగో వంతు వరకు: రెండు అంచులను దగ్గరకు లాగి నేరుగా కుట్టేస్తారు. వృద్ధుల్లో చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి మూడో వంతు పోయినా ఇది కుదురుతుంది. కాస్త బిగువైతే బయటి మూల దగ్గర పట్టును వదులు చేస్తారు. అప్పుడు సుమారు 5 మిల్లీమీటర్లు కలిసివస్తుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వచ్చినవారిలో చాలామందికి ఇది సరిపోతుంది. మానిన తర్వాత సన్నని గీత మిగులుతుంది.

సగం వరకు: కణత వైపు చర్మాన్ని అర్ధచంద్రాకారంగా కోసి రెప్ప వైపు జరుపుతారు. 1975లో టెంజెల్ అనే సర్జను వివరించిన పద్ధతి ఇది.

సగానికి మించి, కింది రెప్పలో: 1937లో వెండెల్ హ్యూస్ వివరించిన పద్ధతిని వాడతారు. పై రెప్ప లోపలి పలకలో కొంత భాగాన్ని, దాని తడి పొరతో సహా కిందికి దించి కింది రెప్పకు కుడతారు. పై రెప్ప ఆకారం చెడకుండా అంచు దగ్గర సుమారు 4 మిల్లీమీటర్ల పలకను అలాగే వదిలేస్తారు. దించిన భాగం మీద చెవి వెనుక నుంచి గాని, రెండో కంటి పై రెప్ప నుంచి గాని తెచ్చిన చర్మం వేస్తారు.

సగానికి మించి, పై రెప్పలో: కింది రెప్ప నుంచి కండను పైకి తెచ్చే కట్లర్-బియర్డ్ పద్ధతి ఉంది. ఇది 1955 నుంచి వాడుకలో ఉంది. కింది రెప్ప అంచును వంతెనలా వదిలి, దాని కింద నుంచి కండను పైకి తీసుకువెళతారు.

ముక్కు వైపు మూలలో: నొసటి నుంచి, లేదా కనుబొమల మధ్య నుంచి చర్మాన్ని తిప్పి తెస్తారు. అక్కడ కన్నీరు ముక్కులోకి పోయే సన్నని గొట్టాలు ఉంటాయి. అవి తెగితే వీలైనచోట సన్నని సిలికాన్ గొట్టం వేస్తారు. లేకపోతే కన్ను నీరు కారుతూ ఉండవచ్చు.

కొన్ని వారాలు కన్ను మూసి ఉంచడం ఎందుకు?

హ్యూస్ పద్ధతిలో 3 నుంచి 6 వారాలు, కట్లర్-బియర్డ్ పద్ధతిలో 6 నుంచి 8 వారాలు ఆ కన్ను మూసుకునే ఉంటుంది. రోగులను, ఇంటివారిని అన్నింటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. మామిడి అంటు కట్టేటప్పుడు తల్లి కొమ్మను వెంటనే కోయరు. రెండూ అతుక్కుని, కొత్త మొక్క తన కాళ్ళ మీద తాను నిలిచాకే కోస్తారు. ఇక్కడ కూడా అంతే. కొత్త రెప్పకు చుట్టూ నుంచి రక్తం అందేదాకా పాత రెప్పతో బంధం ఉంచాలి. తర్వాత మత్తు ఇంజెక్షనుతో చిన్న ఆపరేషను చేసి ఆ బంధాన్ని కోస్తే కన్ను తెరుచుకుంటుంది. కన్ను లోపల క్షేమంగానే ఉంటుంది. చూపు పోలేదు.

ఆ వారాల్లో దూరం, లోతు అంచనా తప్పుతుంది. మెట్లు దిగేటప్పుడు తోడు ఉండాలి. బండి నడపకూడదు. పొయ్యి దగ్గర, బావి గట్టు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. రెండో కంటికి చూపు లేనివారికీ, చూపు ఇంకా ఎదుగుతున్న చిన్న పిల్లలకూ ఇలా కన్ను మూసే పద్ధతి తగదు. వారికి చెంప నుంచి చర్మం జరపడం, నోటి లోపలి పొర లేదా అంగిటి పొర ముక్క వాడడం వంటి వేరే మార్గాలు ఉన్నాయి. రెండో కంటి చూపు ఎలా ఉందో ముందే డాక్టరుగారికి చెప్పండి.

ఆపరేషనుకు ముందు, తరువాత

• రక్తం పల్చబడే మాత్రలు, గుండె మాత్రలు వాడుతుంటే చెప్పండి. సొంతంగా ఆపవద్దు.
• షుగరు, బి.పి. అదుపులో ఉండాలి.
• బీడీ, సిగరెట్టు, చుట్ట మానండి. పొగ వల్ల రక్తనాళాలు ముడుచుకుని, వేసిన చర్మం అతకకుండా పోవచ్చు.
• కట్టు తడపవద్దు, సొంతంగా విప్పవద్దు. నిద్రలో కన్ను రుద్దకుండా గట్టి కవచం పెట్టుకోండి.
• తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. కొద్ది రోజుల పాటు బరువులు ఎత్తవద్దు, వంగి పనిచేయవద్దు.
• ఆయింట్‌మెంటు చెప్పినన్నిసార్లు, చేతులు కడుక్కుని రాయండి.
• చర్మం కుట్లు సాధారణంగా వారం రోజులకు, రెప్ప అంచు కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు.

కట్టు కింద తీవ్రమైన నొప్పి, ఆగని రక్తం, కన్ను ముందుకు ఉబ్బినట్టుండడం, చూపు తగ్గడం, చీము, జ్వరం ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

పాఠకులు అడిగే ప్రశ్నలు

కొత్త రెప్ప మునుపటిలాగే ఉంటుందా?
చిన్న ఆపరేషనైతే దాదాపు తెలియదు. పెద్దదైతే కొత్త భాగానికి వెంట్రుకలు ఉండవు, కొంచెం తేడా కనిపిస్తుంది. రెప్ప బయటికి తిరగడం, పూర్తిగా మూసుకోకపోవడం, నీరు కారడం వంటివి కొందరికి రావచ్చు. వాటిని సరిచేయడానికి మరో చిన్న ఆపరేషను అవసరం కావచ్చు.

కన్ను ఎప్పుడు తీయాల్సి వస్తుంది?
క్యాన్సరు కంటి గుంటలోకి లోతుగా పాకినప్పుడు ప్రాణం కాపాడటానికి కన్ను, దాని చుట్టూ కండ తీయాల్సి రావచ్చు. ముందుగా వచ్చినవారిలో ఆ అవసరం అరుదు.

ఆపరేషను లేకుండా కుదరదా?
ఆపరేషనుకు తట్టుకోలేనివారికి రేడియేషను ఉంది. బాగా ముదిరిన బేసల్ సెల్ క్యాన్సరుకు 2012 నుంచి విస్మోడెగిబ్ అనే మాత్రలు వచ్చాయి. తడి పొర మీద పాకిన నూనె గ్రంథి క్యాన్సరుకు మైటోమైసిన్ చుక్కలు, అతిచల్లని చికిత్స తోడుగా వాడతారు. అయినా ఆపరేషను చేయగలిగినచోట అదే మొదటి చికిత్స.

ఇది అంటుకుంటుందా?
అంటుకోదు. కలిసి తినవచ్చు, ఒకే ఇంట్లో ఉండవచ్చు. రోగిని వేరుగా ఉంచడం తప్పు.

ఖర్చు ఎలా?
ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద క్యాన్సరు చికిత్సలు ఉన్నాయి. మీ కార్డు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలిసి, ఏ ఆపరేషను వర్తిస్తుందో అడగండి.

మానిన తర్వాత కూడా రావాలి

గాయం మానింది కదా అని మానేయకండి. క్యాన్సరు అదే చోట తిరిగి రావచ్చు, లింఫు గ్రంథుల్లో కనిపించవచ్చు. సాధారణంగా మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, అలా కనీసం ఐదేళ్ళు చూపించుకోవాలి. బయాప్సీ రిపోర్టును రేషను కార్డులా జాగ్రత్తగా దాచుకోండి. నూనె గ్రంథి కణితులు కొన్ని కుటుంబాల్లో పేగు క్యాన్సరుతో కలిసి వస్తాయి. ఇంట్లో అలాంటివారు ఉంటే చెప్పండి.

నివారణ మన చేతిలో ఎంత ఉంది?

పొలాల్లో, సముద్రం మీద, ఉప్పు మడుల్లో ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవారు అంచు వెడల్పుగా ఉన్న టోపీ, చల్లద్దాలు వాడితే మొదటి రెండు రకాల ప్రమాదం తగ్గుతుంది. తలగుడ్డ చుట్టుకునేవారు దాన్ని నొసటి మీదికి ముందుకు దించి కట్టుకోండి. ఎండ తగిలితే చర్మమంతా నల్లమచ్చలు వచ్చే జీరోడెర్మా అనే వ్యాధి ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే రెప్ప మీద క్యాన్సర్లు వస్తాయి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఈ వ్యాధి ఎక్కువ. అలాంటి పిల్లలను ఎండ తగలకుండా కాపాడి, తరచు డాక్టరుకు చూపించాలి. నూనె గ్రంథి క్యాన్సరుకు మాత్రం టోపీతో వచ్చే రక్షణ అంతంత మాత్రమే. దానికి ముందుగా గుర్తించడమే రక్షణ.

ఈ పాఠం చదివాక మీరే జవాబు చెప్పుకోండి

1. కంటి కురుపుకూ, అనుమానించవలసిన గడ్డకూ తేడా ఏమిటి?
2. రెండోసారి వచ్చిన గడ్డను తీసినప్పుడు ఏం చేయాలి?
3. 10 మిల్లీమీటర్ల గడ్డకు రెప్పలో ఎంత భాగం పోతుంది?
4. కన్నును కొన్ని వారాలు ఎందుకు మూసి ఉంచుతారు?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. మీ అమ్మమ్మ, తాతయ్యల రెప్పలను ఈ వారంలోనే ఒకసారి పగటి వెలుతురులో చూడండి. వెంట్రుకలు రాలిన చోట గడ్డ ఉంటే పండగ అయ్యాక, కోతలు అయ్యాక అని వాయిదా వేయకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకురండి.